మామ్మగారి రెండు గడియలు

కిందటి ఆదివారం మా మేనకోడలు నన్ను చూడడానికి అమలాపురం వచ్చి, వీధి వరండాలో నా ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతూ, మణికట్టు కేసి ఓసారి చూసుకుని, "అత్తా, అంతర్వేదిలో ఇప్పుడు సముద్రం పోటు ఎక్కుతోంది, పన్నెండుంబావుకి నిండుతుంది" అని వార్తలు చదివినట్టు చెప్పేసరికి, నా చేతిలో కాఫీ సగం సాసరులోకీ సగం చీర మీదకీ ఒలికిపోయింది. ఆ వాచీ కొన్నదేనట గానీ, అందులో పోటు లెక్కలు చెప్పే ప్రోగ్రాం మాత్రం తనే రాసిందట. వేడి కాఫీ మోకాలి మీద పడ్డా నాకు నవ్వాగలేదు. నవ్వుకి కారణం చెప్పమని పిల్ల పట్టుపట్టింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను, ఎందుకంటే ఇది నా ఈడు వాళ్ళకి ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

మా మేనకోడల్నీ దాని స్నేహితుల్నీ ఇప్పుడు గీకులంటారట. ఒంటి మీద సూత్రాలు అచ్చువేసిన బనీన్లు, బల్ల నిండా తీగలు, సెలవు రోజున కూడా సోల్డరింగు పొగ, ఇవీ వాళ్ళ లక్షణాలు. అలా పిలిపించుకోవడం గొప్పట కూడా. మా రోజుల్లో దీనికి ఇంత మంచి పేరు లేదు, "పిచ్చి" అనేవారు. చిన్నప్పుడు పాడైన రేడియోలోంచి పీకిన అయస్కాంతానికి పురికొస కట్టి అంతర్వేది ఇసకలో కుక్కపిల్లని తిప్పినట్టు ఈడ్చుకు తిరిగి, దానికి అంటుకున్న నల్ల రవ్వని పౌడరు డబ్బాలో దాచుకునేదాన్ని. ఆ డబ్బా చూసి మా అమ్మ, ఈ పిల్లకి పెళ్ళెలా అవుతుందో ఏమిటో అని ప్రార్థన కూడికలో ప్రత్యేకంగా చెప్పి మరీ ప్రార్థన చేయించింది.

మాది ముక్తేశ్వరం. మా తాతగారు కూలికి వెళ్ళిన చేల పక్కనే మా నాన్నగారు మిషను బడిలో చదువుకుని మాస్టారయ్యారు, నేను బీయెస్సీ, బీయెడ్ చేసి సైన్సు టీచరునయ్యాను. మొదటి ఉద్యోగం సఖినేటిపల్లి రేవుకి దగ్గర్లో ఒక హైస్కూల్లో. లాంచీ నడిపే సరంగు గారింట్లో, గోదావరి గట్టుకి ఇవతల, ఒక గది అద్దెకి దొరికింది. ఆ సరంగు గారి తల్లే ఈ కథలో మామ్మగారు. డెబ్బై దాటిన మనిషి, పొట్టిగా, పొగాకు రంగులో ఉండేది, నోట్లో చుట్ట లేకపోతే మాట ఉండేది, మాట లేకపోతే చుట్ట ఉండేది. నాకు ఇరవై మూడేళ్ళే అయినా ఒక్కనాడు కూడా నువ్వు అనలేదు, టీచరమ్మ గారూ అనే పిలిచేది.

ఉద్యోగంలో చేరిన నెల్లాళ్ళకే బడిలో సైన్సు క్లబ్బు పెట్టాను. మొదటి ప్రయోగం బొండాల బేటరీ. నిమ్మకాయలకి రాగిముక్కా జింకుముక్కా గుచ్చి కరెంటు పుట్టించవచ్చని పుస్తకంలో ఉంది, నిమ్మకాయ ఏపాటి, మనకి కొబ్బరి బొండాలుండగా అనుకుని, పన్నెండు బొండాలు వరసగా పేర్చి తీగలు కలిపాం. టార్చిలైటు బల్బు వెలగలేదు సరిగదా, కనీసం ఎరుపైనా ఎక్కలేదు. చివరికి పిల్లలందరూ కలిసి బేటరీని తాగేశారు. హెడ్మాస్టరు గారు అటుగా వస్తూ ఏమిటమ్మా ఇది అని అడిగితే, ప్రయోగం పూర్తయిందండీ అని చెప్పాను.

అలాంటి నాకు మామ్మగారు దొరకడం అంటే ఏం చెప్పను. రేవులో జనాన్ని అవతలికి దాటించే పంటు కట్టాలన్నా, నావ మీద కొబ్బరికాయలు ఎక్కించాలన్నా, వల వెయ్యాలన్నా ముందు ఆవిణ్ణి అడిగేవారు. సముద్రం పోటుకి అక్కడ గోదావరి కూడా ఎక్కి దిగుతుంది, నీళ్ళు నిండుగా ఉంటే పంటు రేవు మెట్ల దాకా వస్తుంది, తీసేస్తే మోకాలి లోతు బురదలో దిగి నడవాలి. మామ్మగారు ఆకాశం కేసి చూసేది కాదు, నీళ్ళ కేసీ చూసేది కాదు, కూర్చున్న చోటినుంచే వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టి, రెండో లాంచీకి పోటు నిండుతుందనో, అన్నాలు తిని రమ్మనో చెప్పేది. ఎలా చెబుతున్నారండీ అని ఓ రోజు నోటుబుక్కు తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను.

"ఇందులో ఇద్దె ఏటుందండీ. అమాసకి తొమ్మిదిన్నర లాంచీ ఏళకి నిండుద్ది. ఆ మర్నాటికి రెండు గడియలు ఆలీసం. ఆ మర్నాటికి ఇంకో రెండు గడియలు. అలా కలుపుకుంటా పోవడవేనండీ" అంది.

నాకు ఒళ్ళు పులకరించింది. చంద్రుడు రోజూ కాస్త ఆలస్యంగా ఉదయిస్తాడు, అందుకే పోటూ ఆలస్యమవుతుందని కాలేజీలో చదివి, ఎంతన్నది మరిచిపోయినదాన్ని, అది ఒక ముసలమ్మ వేళ్ళ కణుపుల మీద ఉంది. నోటుబుక్కులో రాసుకున్నాను: రోజుకి రెండు గంటలు.

అవును, గంటలనే రాసుకున్నాను. గడియ అంటే ఎంతో నాకు తెలియదు. మా ఇంట్లో పంచాంగం ఉండేది కాదు, గోడకి చర్చి కేలండరు ఉండేది, అందులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి, అంతే. గడియ అంటే మాకు తలుపుకి వేసేది. ఆవిడ చెప్పింది కాలం సంగతి కాబట్టి, గడియారం గంటలు కొడుతుంది కాబట్టి, గడియ అంటే గంటే అయి ఉండాలని నా డిగ్రీ తెలివితో తేల్చేసుకున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషిని ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది. పల్లెటూరి ముసలమ్మని అంత చిన్న విషయం అడగడం టీచరుకి నామోషీ అనిపించింది కాబోలు.

అప్పుడే జిల్లా సైన్సు ప్రదర్శనకి ఎగ్జిబిట్లు ఎంపిక చెయ్యడానికి పెద్దమనుషులు ఇద్దరు వస్తున్నారని కబురొచ్చింది. పిల్లలూ నేనూ కలిసి పాత సైకిలు చక్రానికి ప్లైవుడ్డు బిగించి, చుట్టూ పన్నెండు గంటలూ వేసి, నడుమ తిథుల చక్రం పెట్టి, కొబ్బరి ఈనెతో ముల్లు చేసి, ఎర్ర పెయింటుతో "పోటు గడియారం" అని రాశాం. అమావాస్య నాడు తొమ్మిదిన్నరకి ముల్లు పెట్టి రేవుకి పరిగెత్తితే నీళ్ళు మెట్ల మీద ఉన్నాయి. మర్నాడు చక్రం పదకొండున్నర అంది, వెళ్ళి చూస్తే నిండుగానే కనిపించింది. ఆ తరవాత మళ్ళీ చూడలేదు. రెండుసార్లు చూసి సిద్ధాంతం కట్టేసిన సైంటిస్టుని నేనొక్కదాన్నే అయి ఉంటాను. పైగా ఆరో రోజుకి చక్రం పూర్తిగా ఒక చుట్టు తిరిగి మళ్ళీ తొమ్మిదిన్నరకే వస్తుందని తేలితే, ఆహా ప్రకృతిలో ఎంత పొందిక అని పిల్లలకి పాఠం కూడా చెప్పాను.

ఆ ఆరో రోజునే, షష్ఠి శుక్రవారం నాడు, పెద్దమనుషులు వచ్చారు. చక్రం చూసి ముచ్చటపడ్డారు. ఈ లెక్క నేర్పిన ఆవిడని కూడా చూడాలంటే, పిల్లలు వెళ్ళి మామ్మగారిని ఉతికిన చీర కట్టించి తీసుకొచ్చారు. తొమ్మిదిన్నరకి అందరం రేవుకి బయల్దేరాం, హెడ్మాస్టరు గారు ముందు, చక్రం మోస్తూ పిల్లలు వెనక, మధ్యలో నేను తల ఎత్తుకుని.

రేవులో నీళ్ళు లేవు. మెట్లు దిగాక ఇంకా ఇరవై గజాల బురద, ఆ బురదలో నావలు పక్కకి ఒరిగి కూర్చున్నాయి, ఒక కొంగ మాత్రం మా కోసమే వచ్చినట్టు నిలబడి ఉంది. వచ్చిన వాళ్ళలో పెద్దాయన చక్రం కేసి చూసి, బురద కేసి చూసి, మరి ఇదేమిటమ్మా అని మెల్లిగానే అడిగారు. రేవు పక్కన టీ కొట్టు బల్ల మీది జనం అందరూ లేచి నిలబడ్డారు. నా చెవులు కాలిపోతున్నాయి. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. "నాకేం తెలుసండీ, ఈ లెక్క మామ్మగారు చెప్పిందే!" అన్నాను.

అందరూ మామ్మగారి కేసి తిరిగారు. ఆవిడ నా మొహం కేసి ఒక్క క్షణం చూసి, కొంగు సర్దుకుని, "ఆయ్" అంది.

మా వైపు ఆయ్ అంటే అవునని.

పోటు గడియారం ప్రదర్శనకి వెళ్ళలేదు, దానికి నాకు పెద్ద బాధ లేదు. కానీ ఆ సాయంత్రానికే టీ కొట్టు దగ్గర కొత్త వేళాకోళం మొదలైంది. మామ్మగారు గట్టు మీద నడిచి వెళ్తుంటే ఎవరో కుర్రాడు, "ఏవండీ మామ్మగారూ, పోటు ఇయ్యాలే వస్తాదా, వచ్చే నెల్లోనాండీ?" అని అరవడం నా చెవులతో విన్నాను. శనివారం పొద్దున్న కొబ్బరికాయల నావ వాళ్ళు ఆవిణ్ణి అడక్కుండానే కదిలి, మధ్యలో ఇసక మేట మీద కూర్చుండిపోయారు. యాభయ్యేళ్ళుగా రేవు ఆవిడ మాట మీద నడిచింది, నా ఒక్క మాటతో ఆ మాటకి విలువ పోయింది. ఇంట్లో మాత్రం ఆవిడ మామూలుగానే ఉంది, పులుసు గిన్నె నా గది గుమ్మంలో పెట్టి, "తినండి టీచరమ్మ గారూ, సల్లారిపోద్ది" అనే అంది. ఆవిడ నాలుగు తిట్టి ఉంటే నేను హాయిగా తినేదాన్ని.

శనివారం మధ్యాహ్నం మా నాన్నగారు ముక్తేశ్వరం నుంచి నన్ను చూడడానికి వచ్చారు. జరిగిందంతా, నా తప్పేమీ లేదన్నట్టుగానే, చెప్పాను. ఆయన అంతా విని, మామ్మగారు ఏమన్నారమ్మా అని ఒక్కటే అడిగారు. ఆయ్ అన్నారు నాన్నా అన్నాను. ఆయన చేతి రుమాలు మడతలు పెడుతూ, "మా నాన్న కూడా అనేవాడమ్మా. ఆసాముల చేను గట్టు మీద నిలబడి, తను చెయ్యని తప్పుకి కూడా తలొంచుకుని ఆయ్ అనేవాడు. మనింట్లో వాళ్ళు ఎవరి చేతా ఆ మాట అలా అనిపించకూడదమ్మా" అన్నారు. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళాక నేను తలుపు వేసుకుని ఏడ్చాను.

ఆదివారం చర్చికి వెళ్ళి వచ్చి, చెప్పులు విప్పి, మామ్మగారి గుమ్మంలో కింద కూర్చున్నాను. తప్పు చెప్పుకుందామని వెళ్ళి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, గడియ అంటే ఎంతండీ అని అడిగాను. ఆవిడ చుట్ట నోట్లోంచి తీసి నా ఎడంచేతి కేసి చూసింది.

"గడియారం చేతికి కట్టుకుని గడియెంతో నన్నడుగుతారేంటండీ!"

అని, ఇంక నవ్వు. ఆ నవ్వు దగ్గుగా మారి, దగ్గు మళ్ళీ నవ్వుగా మారి, సరంగు గారు ఏమైందోనని పరిగెత్తుకొచ్చారు. తరవాత లేచి, గోడకి మేకుకి వేలాడుతున్న కొబ్బరి చిప్ప ఒకటి తీసింది. అది నేను రోజూ చూస్తున్నదే, కర్ర ఊడిపోయిన గరిటె అనుకునేదాన్ని. నున్నగా అరిగి నల్లగా మెరుస్తోంది, అడుగున సూది దూరేంత బెజ్జం ఉంది. నీళ్ళ గోలెంలో దాన్ని తేలవేసింది. బెజ్జంలోంచి నీళ్ళు నెమ్మదిగా ఊరుతూ, చిప్ప కొద్దికొద్దిగా కిందికి దిగుతూ, చివరికి బుడుంగుమని మునిగింది. "ఇదండీ గడియంటే" అంది. వాళ్ళాయన నావ నడిపిన రోజుల్లో గెడకర్ర వేసి నెట్టే మనుషుల వంతులు ఈ చిప్పతోనే కొలిచేవారట, ఒకడి చేత ఎక్కువా ఇంకొకడి చేత తక్కువా పని చేయించకుండా.

నేను మూడుసార్లు తేలవేసి వాచీ పట్టుకుని చూశాను. ఇరవై మూడు నిమిషాలు, ఇరవై అయిదు, ఇరవై నాలుగు. రెండు గడియలంటే నలభై ఎనిమిది నిమిషాలు. మా కాలేజీ పుస్తకంలో చంద్రుడి ఆలస్యం యాభై నిమిషాలని ఉందని అప్పుడు గుర్తొచ్చింది. రెండు నిమిషాల తేడా! ఆ చిప్పని చేత్తో పట్టుకుని, తప్పు నాదేనండీ మామ్మగారూ, గంటలనుకున్నాను, మీ మీదకి నెట్టేశాను అని అప్పటికి చెప్పగలిగాను. ఆవిడ, పోనిద్దురూ, చిన్నపిల్లలు మీరు అంది. కానీ పోనివ్వడానికి వీల్లేదని నాకు తెలుసు, అవమానం జరిగింది గుమ్మంలో కాదు, రేవులో.

సోమవారం బడి వదిలాక పిల్లల్ని వెంటబెట్టుకుని చక్రంతో సహా మళ్ళీ రేవుకి వెళ్ళాను. ఆదివారం సాయంత్రమంతా కూర్చుని తిథుల గళ్ళు చెరిపి కొత్తగా వేశాం. నవమి గడిలో ముల్లు అయిదుకి పావుగంట తక్కువ చూపిస్తోంది. టీ కొట్టు స్తంభానికి చక్రం తగిలించి, లాంచీ కోసం నిలబడ్డ జనం అందరికీ వినబడేలా, నాకున్న పాఠాలు చెప్పే గొంతుతో చెప్పాను: శుక్రవారం తప్పింది నా లెక్క, మామ్మగారిది కాదు, ఆవిడ గడియలని చెబితే నేను గంటలని రాసుకున్నాను, ఆ సంగతి ఒప్పుకోకుండా ఆవిడ పేరు చెప్పాను, ఇవాళ ఆవిడ లెక్కని ఆవిడ కొలతతోనే చూడండి అని. పోటు ఎప్పుడు తిరుగుతుందో కనిపెట్టడానికి ఒక పిల్ల వెళ్ళి పీచుతో ఉన్న ఎండు కొబ్బరికాయ ఒకటి నీళ్ళలోకి విసిరింది.

కాయ మొదట పోటుతోపాటు పైకి, ఎగువకి పోతోంది. నీళ్ళు ఒక్కొక్క మెట్టే ఎక్కుతున్నాయి. నాలుగున్నర దాటాక కాయ నడక మందగించింది. అయిదుకి అయిదు నిమిషాలుందనగా పూర్తిగా ఆగిపోయి, ఎటు పోవాలో తోచని చుట్టంలా అక్కడే తిరుగుతూ ఉండిపోయింది, తరవాత నెమ్మదిగా, అంతర్వేది వైపుకి, సముద్రం వైపుకి జరగడం మొదలుపెట్టింది. చక్రానికీ గోదావరికీ పది నిమిషాల తేడా. పిల్లలు వేసిన కేకలు అవతలి ఒడ్డు దాకా వినబడి ఉంటాయి. శుక్రవారం వేళాకోళం చేసిన కుర్రకారులో ఒకతను టీ గ్లాసు తీసుకెళ్ళి, బల్ల మీద కూర్చున్న మామ్మగారి చేతిలో పెట్టి, "రేపు నావ ఎన్నింటికి తియ్యమంటారండీ?" అని అడిగాడు. ఆవిడ టీ ఊదుకుంటూ నా కేసి చూపించి, "టీచరమ్మ గార్ని అడగండి, ఆరికిప్పుడు గడియలొచ్చినియ్యి" అంది. రేవంతా నవ్వింది, అందరికంటే గట్టిగా నేనే నవ్వాను.

మూడేళ్ళ తరవాత కొత్తపేటకి బదిలీ అయి వెళ్ళిపోతుంటే ఆ చిప్పని పాత గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టింది. తరవాత ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పాను, ఏ పిల్లైనా "మా మామ్మ ఇలా చెప్పిందండీ" అంటే నవ్వేసే ముందు, ఏ కొలతతో చెప్పిందో అడిగి రమ్మనేదాన్ని. సగం సార్లు పిల్ల మామ్మదే ఒప్పయ్యేది. మిగతా సగం సార్లు మామ్మకి ఆ సంగతి చెప్పి రావడానికి పిల్లలకి కూడా నా అంత భయమే ఉండేది.

ఇదంతా విన్న మా మేనకోడలు ఊరుకోలేదు. చిప్ప తెమ్మని, బకెట్టులో నీళ్ళు పోసి, తన వాచీతో కొలిచింది. ఇరవై నాలుగు నిమిషాల పది సెకన్లట. పది సెకన్ల తేడాకి కారణం బెజ్జం అరుగుదలా, నీళ్ళ వేడా అని దానిలో అది చర్చించుకుంది, నాకు ముచ్చటేసింది. తరవాత, ప్రోగ్రాంకి ఇంకా పేరు పెట్టలేదు అత్తా, మీ మామ్మగారి పేరే పెడతాను, ఏమిటి ఆవిడ పేరు అని అడిగింది.

మూడేళ్ళు ఆవిడ ఇంట్లో ఉన్నాను, ఆవిడ చేతి పులుసు తిన్నాను, నా జీవితంలో నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఆవిడ చెప్పింది. రేవు రేవంతా మామ్మగారు అనేవారు, నేనూ అలాగే అన్నాను. గడియ ఎంతో అయినా చివరికి అడిగాను గానీ పేరు మాత్రం అడగనే లేదు. ఇప్పుడు అడుగుదామంటే ఆ గుమ్మంలో ఎవరున్నారు. ఈ రోజుల్లో ఏం తెలుసుకోవాలన్నా మణికట్టు తిప్పి చూస్తే చాలు, ఎవరి గుమ్మంలోనూ కింద కూర్చోనక్కర్లేదు, అది మంచిదే, నా బోటి వాళ్ళ పొగరు వల్ల ఎవరూ తలొంచుకోనక్కర్లేదు. కానీ అలా కూర్చుని అడిగిన ఒక్క ఆదివారం నా బతుకులో లేకపోతే నేనేమయ్యేదాన్నో అనుకుంటే దిగులేస్తుంది.

మేనకోడలు నా మొహం చూసి, వాచీ మీద ఏదో టైపు చేసి, దాన్ని విప్పి నా చేతికి కట్టి వెళ్ళింది, వచ్చే ఆదివారం దాకా ఉంచుకోమని. మర్నాడు పొద్దున్న మందులు వేసుకుంటుంటే మణికట్టు చిన్నగా అదిరింది. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. "మామ్మగారు: ఈ రోజు పోటు ఒంటిగంటకి" అని ఉంది.

గదిలో ఎవరూ లేకపోయినా, పైకే, "ఆయ్" అన్నాను.